60 శాతం కీబోర్డుకి ప్లేట్ డిజైన్: ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, లేజర్ షాపుకి ఏ ఫైల్ ఇవ్వాలి?

అరండల్‌పేట_కీస్
అందరికీ నమస్తే. జీహెచ్60 (చాలామంది వాడే ఒక ఓపెన్ డిజైన్) కొలతల్లో ఉన్న 60 శాతం పీసీబీకి (నంబర్ ప్యాడ్, విడి బాణం కీలు లేని చిన్న కీబోర్డు సర్క్యూట్ బోర్డు) ప్లేట్ (స్విచ్‌లు కూర్చునే రంధ్రాల పలక) గీసి కోయించాలి. ముందు యాక్రిలిక్‌లో ఒకటి, అది సరిపోతే 1.5 మి.మీ. అల్యూమినియంలో ఇంకోటి. కేసు ట్రే మౌంట్, అంటే పీసీబీని కేసు అడుగున స్క్రూలతో బిగించే రకం. స్టెబిలైజర్లు (పొడవు కీలు ఒరగకుండా ఆపే భాగాలు) పీసీబీకి స్క్రూలతో బిగించే రకం. స్పేస్‌బార్ 6.25యూ అయినా 7యూ అయినా (1యూ అంటే ఒక మామూలు కీ వెడల్పు) పనికొచ్చేలా ఒకే ప్లేట్ కావాలి. లేఅవుట్ కేఎల్‌ఈలో (కీబోర్డ్ లేఅవుట్ ఎడిటర్ అనే వెబ్ టూల్) గీసి పెట్టుకున్నాను. అక్కణ్నుంచి డీఎక్స్‌ఎఫ్ (లేజర్ షాపులు తీసుకునే గీతల ఫైల్) దాకా ఏ టూల్‌ని నమ్మొచ్చు? ఫ్యూజన్ (త్రీడీ డిజైన్ సాఫ్ట్‌వేర్) నేర్చుకోక తప్పదా? గుంటూరులో గానీ బెజవాడలో గానీ కోయించాలి కాబట్టి షాపులో ఏం చెప్పాలో కూడా చెప్పండి.

పటమట_పీసీబీ
ఫ్యూజన్ అక్కర్లేదండీ. స్విచ్ రంధ్రాల వరకు ఏఐ03 ప్లేట్ జనరేటర్ అనే వెబ్ టూల్ చాలు. కేఎల్‌ఈలో "రా డేటా" ట్యాబ్ తెరిచి, అందులో ఉన్నదంతా కాపీ చేసి జనరేటర్‌లో పేస్ట్ చేయండి. "డౌన్‌లోడ్ జేసన్"తో వచ్చే ఫైలూ, రా డేటా పెట్టెలో కనిపించేదీ ఒకటి కావు. రా డేటాకి బయటి చదరపు బ్రాకెట్లు ఉండవు, పేర్లకి కోట్స్ ఉండవు. డౌన్‌లోడ్ ఫైల్‌లో రెండూ ఉంటాయి. ఒక టూల్ ఒకటి తీసుకుంటే ఇంకో టూల్ రెండోది అడుగుతుంది. "లేఅవుట్ చదవలేకపోయాం" అని ఎర్రర్ వస్తే ముందు చూడాల్సింది ఇదే.

సెట్టింగ్స్ ఇవి: స్విచ్ రంధ్రం 14 × 14 మి.మీ., కీకీ కీకీ మధ్య దూరం 19.05, మూల గుండ్రం 0.5, కర్ఫ్ (లేజర్ కాల్చేసే గీత వెడల్పు) సున్నా. స్టెబిలైజర్ దగ్గర పెద్ద కటౌట్ ఎంచుకోండి. మీవి పీసీబీకి బిగించేవి కాబట్టి ప్లేట్ వాటిని పట్టుకోనక్కర్లేదు, తగలకుండా ఉంటే చాలు. ప్లేట్‌కే క్లిప్ అయ్యే స్టెబిలైజర్లయితే మాత్రం చెర్రీ (స్విచ్‌ల కంపెనీ) ఆకారపు కటౌటే కావాలి, ప్లేట్ మందం కూడా 1.5 దాటకూడదు.

స్విల్‌కేబీ బిల్డర్ అనే ఇంకో వెబ్ టూల్ కూడా రా డేటానే తీసుకుంటుంది. ప్లేట్‌తో పాటు కేసు పొరలు కూడా కావాలనుకున్నప్పుడు అది నయం.

బయటి అంచు మాత్రం ఏ టూల్‌కీ వదలొద్దు. 15యూ × 5యూ లెక్క కడితే 285.75 × 95.25 వస్తుంది. ఈ రకం పీసీబీలు మాత్రం దాదాపు 285 × 94.6 ఉంటాయి, ట్రే కేసులు దాని చుట్టూ కొద్ది సందుతో చేస్తారు. 285.75కి కోయిస్తే ప్లేట్ కేసులోకి దిగకపోవచ్చు. కేసు లోపలి కొలత వెర్నియర్‌తో తీసి, లిబ్రేక్యాడ్, క్యూక్యాడ్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో దీర్ఘచతురస్రం మీరే గీయండి. దాని కేంద్రాన్ని కీల గ్రిడ్ కేంద్రంతో కలపండి.

ఆటోనగర్_లేజర్
పైన కర్ఫ్ సున్నా పెట్టమన్నారు కదా, అది సగం విషయమే. మిగతా సగం షాపులో అడగాలి.

లేజర్ గీత మీద నడిచేటప్పుడు కొంత పదార్థం కాలిపోతుంది. ఆ వెడల్పే కర్ఫ్. యాక్రిలిక్ మీద సీఓ2 లేజర్‌కి 0.1 నుంచి 0.3 దాకా ఉంటుంది. మెషిన్ గీత మధ్యలో నడిచిందనుకోండి, కర్ఫ్ 0.2 అయితే 14.0 రంధ్రం 14.2 అవుతుంది. అప్పుడు స్విచ్ క్లిప్ సరిగా పట్టదు, కీక్యాప్ లాగితే స్విచ్ కూడా వెంట వచ్చేస్తుంది. మీరు ముందే 13.8 గీసి, షాపు అబ్బాయి తన సాఫ్ట్‌వేర్‌లో కూడా సవరిస్తే రంధ్రం అచ్చంగా 13.8కే తెగుతుంది. స్విచ్ దూరదు. బలవంతంగా నొక్కితే యాక్రిలిక్ పగులుతుంది.

అందుకని షాపులో అడగాల్సిన ప్రశ్న ఒకటే: "కర్ఫ్ మీరు సవరిస్తారా, మేం సవరించి తేవాలా?" అల్యూమినియం కోసే ఫైబర్ లేజర్ షెడ్లలో మామూలుగా వాళ్లే సవరిస్తారు. అక్షరాలు, బోర్డులు కోసే యాక్రిలిక్ షాపుల్లో చాలామంది గీతని కోరల్‌డ్రాలో తెరిచి ఉన్నది ఉన్నట్టే పంపేస్తారు.

ఏ షాపైనా సరే, ముందు అదే షీట్ ముక్క మీద ఐదు రంధ్రాల వరుస ఒకటి కోయించండి. 13.7, 13.8, 13.9, 14.0, 14.1. ఐదింట్లోనూ ఒకే స్విచ్ పెట్టి చూడండి. బొటనవేలితో గట్టిగా నొక్కితే "టిక్" మని కూర్చుని, బోర్లా తిప్పి దులిపినా ఊడనిదే మీ కొలత. వెర్నియర్‌తో పైవైపూ కిందివైపూ రెండూ చూడండి. లేజర్ కోతకి కాస్త వాలు ఉంటుంది, రెండు వైపులా ఒకే అంకె రాదు.

కొలతే_ముఖ్యం
ఆటోనగర్ అన్న చెప్పిన ఐదు రంధ్రాల ముక్కని ఓపెన్‌స్కాడ్‌లో (కోడ్ రాసి ఆకారాలు గీసే టూల్) పది లైన్లలో రాసుకోవచ్చు. చతురస్రం సైజుని వేరియబుల్‌గా పెట్టి లూప్ తిప్పితే చాలు. కర్ఫ్ సవరింపుకి ఆఫ్‌సెట్ ఉంది. రంధ్రాన్ని అన్ని వైపులా కర్ఫ్‌లో సగం లోపలికి, బయటి అంచుని సగం బయటికి జరపాలి. అంటే కర్ఫ్ 0.2 అయితే 14.0 రంధ్రం 13.8, 285 అంచు 285.2. చాలామంది బయటి అంచుని మర్చిపోతారు. కేసులో ప్లేట్ ఒక పక్కకి జారడానికి కారణం అదే.

డీఎక్స్‌ఎఫ్ చేతికొచ్చాక షాపుకి పంపేముందు ఒక్క కొలత తీయండి. అంకెల వరుసలో ఎస్కేప్ మధ్యనుంచి ఈక్వల్స్ మధ్యకి 12 అడుగులు, 12 × 19.05 = 228.6. సరిగ్గా 228.6 వస్తే స్కేల్ బాగుంది. 228.0 వస్తే ఎక్కడో 19.00 దూరింది. 25.4 రెట్లు తేడా ఉంటే అంగుళాలూ మి.మీ.లూ తారుమారయ్యాయి.

ఎస్‌వీజీ (ఇంకో రకం గీతల ఫైల్) దారిలో వెళ్తే ఇంకో చిక్కు ఉంది. వాటిని గీసే ఇంక్‌స్కేప్ సాఫ్ట్‌వేర్ 0.92కి ముందు 90 డీపీఐ (అంగుళానికి చుక్కలు) వాడేది, ఆ తర్వాత 96. పాత ఫైల్‌ని స్కేల్ చూసుకోకుండా తెరిస్తే 14 మి.మీ. రంధ్రం 13.125 అవుతుంది, అటునుంచి ఇటు అయితే 14.93. కంటికి రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే లోహానికి డీఎక్స్‌ఎఫ్ మాత్రమే పంపండి.

మంగళగిరి_స్ప్లిట్
19.00 ఎలా దూరుతుందో చెప్తాను. ఎర్గోజెన్ (కీబోర్డు ఆకారాన్ని లెక్కగట్టే టూల్) వాడేవాళ్లు జాగ్రత్త. అందులో యామల్ (టెక్స్ట్‌గా రాసే సెట్టింగ్స్) ఫైల్ రాస్తే పాయింట్లు, అవుట్‌లైన్లు, డీఎక్స్‌ఎఫ్ అన్నీ వస్తాయి, స్ప్లిట్ (రెండు ముక్కల) కీబోర్డులకి దానంత హాయి ఇంకోటి లేదు. కానీ అందులో పెద్ద యూ అంటే 19.05, చిన్న యూ అంటే 19. కైల్ చాక్ అనే పొట్టి స్విచ్‌లకి అడ్డ దూరం సీఎక్స్ 18, నిలువు దూరం సీవై 17. పీసీబీ వేరేచోట 19.05కి చేసి, ప్లేట్‌ని చిన్న యూతో గీస్తే 12 కీల దూరానికి 0.6 మి.మీ. తప్పుతుంది. మొదటి స్విచ్ పిన్నులు సాఫీగా దిగుతాయి, చివర్లో వంగిపోతాయి.

చాక్ వాడేవాళ్లకి మరో మాట. వాటి క్లిప్పులు సన్నటి ప్లేట్ కోసం, 1.2 చుట్టుపక్కల. 1.5 షీట్ కొనుక్కుని తర్వాత బాధపడొద్దు.

అరండల్‌పేట_కీస్
228.6 సరిగ్గా వచ్చింది, ధన్యవాదాలు. 6.25యూ, 7యూ రెండు లేఅవుట్లు విడివిడిగా జనరేట్ చేసి లిబ్రేక్యాడ్‌లో ఒకదాని మీద ఒకటి పెట్టాను. కింది వరుసలో గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటున్నాయి. ఇలాగే పంపొచ్చా?

బ్రాడీపేట_బాటమ్‌రో
అలా పంపొద్దు తమ్ముడూ. లేజర్ ప్రతి గీతనీ కోస్తుంది. ఒకే చోట రెండు గీతలుంటే రెండుసార్లు కోస్తుంది. రెండు రంధ్రాలు కలిసే చోట సన్నటి చీలికలు మిగిలి వేడికి వంకర్లు తిరుగుతాయి. ఆకారాలన్నిటినీ కలిపి ఒకే మూసిన గీతగా చెయ్యాలి. ఇంక్‌స్కేప్‌లో, ఓపెన్‌స్కాడ్‌లో యూనియన్ ఉంది. లిబ్రేక్యాడ్‌లో అయితే లోపలి ముక్కల్ని ట్రిమ్ చేసుకుంటూ వెళ్లాలి.

కానీ అంతకన్నా ముందు నీ కింది వరుస లెక్క చూద్దాం. ఎడమ అంచు నుంచి కొలతలు, మి.మీ.లో:

6.25యూ స్పేస్ స్విచ్ మధ్య 130.97 దగ్గర. 7యూది 142.88 దగ్గర. తేడా 11.9, రంధ్రం 14, కాబట్టి 2.1 మేర కలిసిపోయి 25.9 వెడల్పు రంధ్రం ఒకటి వస్తుంది. ఇది ఫర్వాలేదు. ఎంఎక్స్ (చెర్రీ తరహా మామూలు) స్విచ్ ప్లేట్ క్లిప్పులు పైనా కిందా ఉంటాయి, పక్కల కాదు. పక్క గోడ లేకపోయినా పట్టుకుంటుంది.

ఎడమ పక్క కంట్రోల్, విన్, ఆల్ట్: మూడూ 1.25యూ ఉన్న వరుసకీ, 1.5–1–1.5యూ వరుసకీ మధ్య ఎనిమిదో వంతు యూ తేడా, అంటే 2.38. రంధ్రాలు 16.38 వెడల్పు అవుతాయి. ఇదీ ఫర్వాలేదు, కాకపోతే అక్కడ 5 పిన్నుల స్విచ్‌లు (పీసీబీలోకి దిగే రెండు ప్లాస్టిక్ కాళ్లు అదనంగా ఉన్నవి) పెట్టు. 3 పిన్నులవి పక్కకి ఒరిగి కీక్యాప్ వంకరగా కనబడుతుంది.

అసలు ఇబ్బంది కుడి ఆల్ట్. 6.25యూ లేఅవుట్‌లో దాని మధ్య 202.4. ఏడు యూ స్పేస్‌బార్ కుడి స్టెబిలైజర్ మధ్య 142.88 + 57.15 = 200.03. అంటే స్టెబిలైజర్ కటౌట్ 196.5 నుంచి 203.5 దాకా, పూర్తిగా కుడి ఆల్ట్ రంధ్రం వెడల్పులోనే పడుతోంది. స్టెబిలైజర్ కటౌట్ స్విచ్ రంధ్రం కన్నా కిందికి దిగి ఉంటుంది. ఆల్ట్ స్విచ్ కింది క్లిప్ ఏ అంచుని పట్టుకోవాలో ఆ అంచే చాలావరకు తెగిపోతుంది. పైక్లిప్ ఒక్కదాని మీదే స్విచ్ నిలబడాలి.

పటమట_పీసీబీ
బాటమ్‌రో గారి లెక్క సరైనదే. దానికి ఒక్కటి కలుపుతాను. స్విచ్‌లు టంకం పెట్టే పీసీబీ అయితే కుడి ఆల్ట్‌కి ఆ అంచు లేకపోయినా నడుస్తుంది, పిన్నులు పట్టి ఉంచుతాయి. హాట్‌స్వాప్ (టంకం లేకుండా స్విచ్ గుచ్చే) సాకెట్లయితే కీక్యాప్ లాగిన ప్రతిసారీ స్విచ్ పైకి లేస్తుంది. అలాంటి పీసీబీకి రెండు లేఅవుట్ల ప్లేట్ వద్దు. ఏదో ఒక వరుస ఖాయం చేసుకోండి. అసలు హాట్‌స్వాప్ పీసీబీల్లో చాలావాటికి కింది వరుస ఒకటే ఉంటుంది, ముందు పీసీబీ చూడండి.

అరండల్‌పేట_కీస్
నాది హాట్‌స్వాప్. చూశాను, 6.25యూ ఒక్కటే ఉంది. అయితే 7యూ తీసేస్తాను. ఇక మెటీరియల్ సంగతి: యాక్రిలిక్ 3 మి.మీ. ఇక్కడ తేలిగ్గా దొరుకుతోంది, 1.5 కష్టంగా ఉంది. 3 వాడొచ్చా?

ఆటోనగర్_లేజర్
3 మి.మీ.లో క్లిప్ కూర్చోదు. స్విచ్ క్లిప్ 1.5 మందం కింద అంచుని పట్టేలా చేసింది. 3లో రంధ్రం గోడకి రాసుకుంటూ ఉంటుంది తప్ప లాక్ అవదు.

1.5 యాక్రిలిక్ కొలత చూసుకోవడానికి మాత్రమే. రోజూ వాడటానికి కాదు. బ్యాక్‌స్పేస్ దగ్గర చూడండి: స్టెబిలైజర్ మధ్య స్విచ్ మధ్యనుంచి 11.94, కటౌట్ 7 వెడల్పు, కాబట్టి 8.44 దగ్గర మొదలవుతుంది. స్విచ్ రంధ్రం 7.0 దగ్గర ఆగుతుంది. మధ్యలో మిగిలేది 1.44 మి.మీ. గోడ. రెండు మామూలు కీల మధ్య 5.05 ఉంటుంది, ఇక్కడ అందులో మూడో వంతు కూడా లేదు. ఎంటర్, రెండు షిఫ్టుల దగ్గరా ఇదే గోడ. యాక్రిలిక్ మొదట పగిలేది ఇక్కడే. స్విచ్ తీసేటప్పుడు పుల్లర్‌ని పక్కకి వంచితే చాలు. అల్యూమినియంలో 1.44 గోడ ఏమీ కాదు.

పాలికార్బొనేట్ అడిగేవాళ్లకి: సీఓ2 లేజర్ మీద అది గోధుమరంగుకి మాడుతుంది, సీఎన్‌సీ రౌటర్ (తిరిగే బిట్‌తో కోసే మెషిన్) మీద కోయించండి. ఏం షీటో తెలియని ప్లాస్టిక్ ముక్కని లేజర్ కింద పెట్టనివ్వొద్దు. అది పీవీసీ అయితే వచ్చే పొగ మనిషికీ మెషిన్‌కీ విషమే.

కొలతే_ముఖ్యం
మన ఊళ్ల ఎండల్ని కూడా లెక్కలో పెట్టుకోండి. యాక్రిలిక్ డిగ్రీకి మీటరుకి సుమారు 70 మైక్రాన్లు సాగుతుంది. 285 మి.మీ. ప్లేట్, ఏసీ గదిలో 25 డిగ్రీలు, మే నెల మధ్యాహ్నం మూసిన గదిలో 45 అనుకుంటే 0.4 మి.మీ. పెరుగుతుంది. కేసులో బిగుతుగా కూర్చునేలా కోయిస్తే వేసవిలో మధ్యలో ఉబ్బుతుంది. అల్యూమినియం అదే తేడాకి 0.13 మాత్రమే. యాక్రిలిక్ ప్లేట్ అయితే చుట్టూ ఒక్కో పక్క పావు మి.మీ. సందు వదలండి.

తాడేపల్లి_ఫోమ్
ప్లేట్‌కీ పీసీబీకీ మధ్య పెట్టే ఫోమ్ కూడా అదే డీఎక్స్‌ఎఫ్ నుంచి కోయిస్తారా? ఎంత మందం?

పటమట_పీసీబీ
అదే ఫైల్, రంధ్రాలు మాత్రం 14 బదులు 15 దాకా పెంచండి, స్టెబిలైజర్ల చుట్టూ ఇంకాస్త. ప్లేట్ పైముఖం నుంచి పీసీబీ పైముఖానికి 5 మి.మీ. ఉండాలి. ప్లేట్ 1.5 పోతే సందు 3.5. ఫోమ్ 3.5 మెత్తటిది, లేదా 3. దొరికింది కదా అని 5 మి.మీ. ఫోమ్ కుక్కితే ప్లేట్ పైకి ఉబ్బి, మధ్య కీల పిన్నులు సాకెట్లలో పూర్తిగా దిగవు.

ఎఫ్ఆర్4 (పీసీబీలు చేసే ఫైబర్‌గ్లాస్ షీట్) ప్లేట్ గురించి ఎవరూ అడగలేదు గానీ, హాట్‌స్వాప్‌కి నా ఓటు దానికే. పీసీబీ చేసేవాళ్లకే ప్లేట్ కూడా పంపొచ్చు. కైక్యాడ్‌లో (పీసీబీ డిజైన్ చేసే సాఫ్ట్‌వేర్) కొత్త బోర్డు తెరిచి, ఫైల్ మెనూలో ఇంపోర్ట్ గ్రాఫిక్స్‌తో డీఎక్స్‌ఎఫ్‌ని ఎడ్జ్ కట్స్ (బోర్డు అంచు గీతల) లేయర్‌లోకి తెచ్చుకోవాలి, యూనిట్ మి.మీ. ఆ తర్వాత డీఆర్‌సీ (డిజైన్‌లో తప్పులు వెతికే పరీక్ష) నడిపితే తెరిచి ఉన్న గీతలు, ఒకదాన్నొకటి కోసుకునే గీతలు అన్నీ బయటపడతాయి. అల్యూమినియంకి కోయించేవాళ్లు కూడా ఈ పరీక్షకి కైక్యాడ్ వాడుకోవచ్చు, పైసా ఖర్చు లేదు. త్రీడీ వ్యూలో ప్లేట్ సరిగా కనిపించకపోతే అవుట్‌లైన్ ఎక్కడో మూసుకోలేదని అర్థం. మందం 1.6 ఎంచుకోండి, క్లిప్ పడుతుంది. ఎఫ్ఆర్4ని తిరిగే బిట్‌తో కోస్తారు కాబట్టి లోపలి మూలలు బిట్ వ్యాసార్ధం కన్నా పదునుగా రావు. 0.5 గుండ్రం కావాలంటే 1 మి.మీ. బిట్ వాడతారా అని ముందే అడగండి. 2 మి.మీ. బిట్‌తో కోస్తే మూల గుండ్రం 1 మి.మీ. వచ్చి స్విచ్ మూలలు ఒరుసుకుంటాయి.

నల్లపాడు_టైపిస్ట్
లేఅవుట్ ఇంకా ఖాయం చేసుకోనివాళ్లకి ఒక మాట. తెలుగు ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషల ప్రామాణిక కీల అమరిక) టైప్ చేసేవాళ్లు 40 శాతం (అంకెల వరుస కూడా లేని) ప్లేట్ గీసుకునేముందు ఆలోచించండి. డ చదరపు బ్రాకెట్ కీ మీద, చ సెమీకోలన్ మీద, ట కొటేషన్ కీ మీద ఉన్నాయి. ఆ కీలు లేని ప్లేట్‌లో ఈ మూడక్షరాలకీ లేయర్ మార్చే కీ కూడా నొక్కాలి, రోజంతా తెలుగు కొట్టేవాళ్లకి చేతులు లాగేస్తాయి. 60 శాతంలో మూడూ ఉంటాయి.

అరండల్‌పేట_కీస్
కైక్యాడ్‌లో డీఆర్‌సీ నడిపాను, కుడి షిఫ్ట్ దగ్గర రెండు తెరిచిన గీతలు దొరికాయి, కలిపేశాను. ఆటోనగర్ షెడ్‌కి పంపేముందు ఇదీ ఫైనల్: అల్యూమినియం 5052 (మిశ్రమం రకం), 16 గేజ్, బయటి కొలత 285 × 94.6, రంధ్రాలు 14.0, గుండ్రం 0.5, కర్ఫ్ సవరింపు షాపుది. కోశాక నల్ల పౌడర్ కోటింగ్. ఇంకేమైనా?

ఆటోనగర్_లేజర్
మూడు మార్చండి.

గేజ్ అని చెప్పొద్దు. 16 గేజ్ అంటే స్టాండర్డ్ వైర్ గేజ్ ప్రకారం 1.63 మి.మీ., ఇంకో పట్టికలో ఇంకో అంకె. "1.5 మి.మీ." అని రాసి, షీట్ కోయకముందే వెర్నియర్ పెట్టి చూడండి. 1.4 నుంచి 1.6 మధ్య ఉంటే తీసుకోండి.

పౌడర్ కోటింగ్ పొర 60 నుంచి 100 మైక్రాన్లు. అది రంధ్రం లోపలి గోడలకీ రెండు పక్కలా పడుతుంది. 14.0 రంధ్రం 13.8 దాకా తగ్గుతుంది. కోటింగ్ ఖాయమైతే రంధ్రం 14.15 గీయండి, బయటి అంచు కూడా అంతే తగ్గించండి. అనోడైజింగ్ (విద్యుత్తుతో లోహం మీద ఆక్సైడ్ పొర ఎక్కించడం) అయితే ఏమీ మార్చక్కర్లేదు, ఆ పొర లెక్కలోకి రానంత పల్చన.

మూడోది, షీట్ మీద ముక్కలు కదలకుండా ఆపరేటర్ చిన్న చిన్న కనెక్షన్లు వదులుతాడు. వాటిని విరిస్తే గరుకు మొన మిగులుతుంది. స్విచ్ రంధ్రాలకి అసలు వద్దని చెప్పండి, అవి పడిపోయే చెత్త ముక్కలే. తప్పదంటే ఎడమ, కుడి గోడల మీద పెట్టమనండి. పైగోడ, కింది గోడ మీద వద్దు, క్లిప్ కూర్చునేది అక్కడే. లేజర్ మొదట గుచ్చే చోటు కూడా రంధ్రం లోపలి చెత్తలో ఉండాలి, అంచు మీద కాదు.

అరండల్‌పేట_కీస్
మార్చేశాను, పౌడర్ కోటింగ్ తీసేసి అనోడైజింగ్ పెట్టాను, కాబట్టి 14.0 అలాగే ఉంచాను. చివరి ప్రశ్న: అరవై ఒక్క రంధ్రాలున్న ఫైల్‌ని షాపువాళ్లు అద్దంలో బొమ్మలా తిప్పేస్తే?

బ్రాడీపేట_బాటమ్‌రో
ఏం కాదు. బల్లపరుపు ప్లేట్, రంధ్రాలు నేరుగా ఉన్నాయి, తిప్పి పెట్టుకుంటే అదే ప్లేట్. స్క్రూ తలలు దిగేలా గుంటలు పెట్టినప్పుడే తేడా వస్తుంది, నీ దాంట్లో లేవు. కాకపోతే కోత కిందివైపు బర్ (గరుకు అంచు) ఉంటుంది. అనోడైజింగ్‌కి ఇచ్చేముందే సన్న ఆకురాయితో ప్రతి రంధ్రం పైఅంచూ కింది అంచూ రెండేసి సార్లు రుద్దు, 400 ఎమెరీతో ముగించు. అనోడైజ్ అయ్యాక రుద్దితే రంగు పోయి తెల్ల గీతలు పడతాయి.